అమ్మ నిద్రకు పరీక్ష

ఆ ఏడు వానలు మొదలైన వారంలోనే ఒకరోజు పొద్దున అమ్మ బట్టీ నుంచి ఇంటికొచ్చి, తడిసిన చెప్పులు గుమ్మం బయట విడిచి, గోడకు చెయ్యి ఆన్చుకుని చాలాసేపు ఆయాసం తీర్చుకుంది. ఊపిరి సర్దుకున్నాక, "నేను కడుపు కోయించుకుంటున్నా" అంది.

నాన్న కాజాలు కుడుతున్న చొక్కా ఒళ్లోంచి జారిపోయింది.

"ఎవరితో?" అన్నాడు. అంతకంటే పనికొచ్చే ప్రశ్న పాపం ఆయనకు తట్టలేదు.

"డాక్టర్‌తో. మరి నీ కత్తెరతోనా?"

మా అమ్మ రొట్టెల బట్టీలో పనివాళ్లకు పెద్ద. పెద్ద అంటే హోదాలోనూ పెద్దే, ఆకారంలోనూ పెద్దే. రాత్రి పిండి కలిపే దగ్గర్నుంచి తెల్లారి రొట్టెలు బండికెక్కేదాకా అక్కడ ఆమె మాటకు ఎదురు లేదు. పనివాళ్లంతా దొరసాని అని పిలుస్తారు. మొదట్లో ఎవరో వెక్కిరింతకు పెట్టిన పేరది. అమ్మ ఆ పేరుకు దర్జాగా పలికేసరికి వెక్కిరింత పోయి పేరు మిగిలింది. నేను అదే బట్టీ ముందున్న కొట్లో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా రొట్టెలు అమ్ముతాను. "మీ అమ్మ చేతివేనా?" అని అడిగి మరీ కొనేవాళ్లను చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి, అమ్మ లావు గురించి ఎవరైనా నవ్వితే నాకు ఎక్కడలేని కోపం వచ్చేది. ఇప్పటికీ వస్తుంది.

కానీ ఆ ఏడు మోకాళ్లు మొరాయించాయి. బట్టీ కింద అరలోంచి పళ్లెం లాగడానికి వంగితే మళ్లీ లేవలేకపోయేది. ఒక రాత్రి ఇద్దరు మగవాళ్లు చెరో రెక్కా పట్టుకుని లేపాల్సి వచ్చిందట. ఆ సంగతి అమ్మ మాకు చెప్పలేదు, పిండి బస్తాలు మోసే అతను కొట్లో నాకు చెప్పాడు. బరువు తగ్గే ఆపరేషన్ గురించి అమ్మ ఎప్పుడు విందో, ఎవర్ని అడిగి తెలుసుకుందో మాకెవరికీ తెలియదు. తేల్చుకున్నాకే నోరు విప్పింది.

"బట్టీ ముందు నిలబడలేనిదాన్ని ఆ బట్టీకెందుకు, ఈ ఇంటికెందుకు" అంది. ఇంక దానిమీద వాదన లేదు.

ఆసుపత్రికి మొదటిసారి నేనూ అమ్మా వెళ్లాం. మర్నాటికి ఇవ్వాల్సిన యూనిఫారాలు గుట్టగా ఉన్నాయని నాన్న రాలేదు. నాన్న ఇంట్లోనే దర్జీ పని చేస్తాడు. సర్జన్ మెత్తగా మాట్లాడే మనిషి. గుండెకు, రక్తానికి, కడుపుకు పరీక్షలు రాసి, చివర్లో నిద్రకు కూడా ఒకటి రాశాడు.

"నిద్రకు పరీక్షేంటండీ? పడుకుంటే వస్తుంది" అంది అమ్మ.

"కొంతమందికి నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతుందమ్మా. వాళ్లకు తెలియదు. రోజూ అయితే ఒళ్లే ఉలిక్కిపడి మళ్లీ తీసుకుంటుంది. కానీ మేం మత్తిచ్చాక, నొప్పి మందులిచ్చాక ఆ ఉలికిపాటు రాదు. ముందే తెలిస్తే మేం తగిన ఏర్పాటు చేసుకుంటాం. తెలియకపోతే ప్రాణం మీదికొస్తుంది. ఒక రాత్రి ఇక్కడికొచ్చి పడుకోండి."

"రాత్రి నేను పడుకుంటే పొద్దున మీరు తినే రొట్టెలు ఎవరు కాలుస్తారు?"

డాక్టర్ నవ్వేశాడు. అమ్మ ఇన్నేళ్లుగా పగలే పడుకుంటుందని, రాత్రి మంచమ్మీద పడేసినా కళ్లు మూతపడవని నేను చెప్పాను. అప్పుడు ఇంటికి తీసుకెళ్లే పెట్టె ఒకటి ఇప్పించాడు. ఛాతీకి పటకాలా కట్టుకోవాలి, ముక్కు కింద సన్నటి గొట్టం, వేలికి ఒక క్లిప్పు. రోజూ ఎలా పడుకుంటారో అలాగే పడుకోమని టెక్నీషియన్ రెండుసార్లు చెప్పాడు.

ఇంటికి రాగానే అమ్మ ఆ ఒక్క ముక్కే నాన్న చెవిన వేసింది. "నిద్ర చూసే పెట్టెట. రోజూ ఎలా పడుకుంటే అలాగే పడుకోవాలంట." ఊపిరి సంగతి, ప్రాణం సంగతి చెప్పలేదు. నేనూ చెప్పలేదు, ఊరికే భయపెట్టడమెందుకని.

మర్నాడు నేను కొట్లో ఉండగా అమ్మ ఆ పెట్టె కట్టుకుని పడుకుంది. రిపోర్టు వచ్చింది. కాస్త గురక తప్ప భయపడాల్సిందేమీ లేదన్నారు. అమ్మ ఆనందం చూడాలి. బట్టీలో ఒక్కొక్కరినీ పిలిచి, "నిద్రలో కూడా నాకు వంక పెట్టలేకపోయారు" అని చెప్పుకుంది. ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. బట్టీ యజమాని సెలవు ఇచ్చాడు. తను లేని రోజుల్లో ఎవరు ఏ పని చూడాలో అమ్మ పనివాళ్లందరికీ పంచిపెట్టేసింది కూడా.

ఇక మత్తు డాక్టరమ్మను కలవడం ఒక్కటే మిగిలింది. ఇంటి మనిషి సంతకం కూడా కావాలన్నారు కాబట్టి ఈసారి నాన్న వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా కుర్చీ అంచున కూర్చున్నాడు. డాక్టరమ్మ చిన్నవయసు మనిషే. ఎదుట రిపోర్టు ఉన్నా దాన్ని పక్కన పెట్టి మళ్లీ మొదటినుంచి అడగడం మొదలుపెట్టింది.

"గురక పెడతారా?"

"పెట్టను" అంది అమ్మ.

"పెడుతుందండీ" అన్నాడు నాన్న, వినయంగా.

"మధ్యలో ఆగుతుందా?"

"ఆగుతుందండీ. ఆగితే స్కేలుతో అరికాలి మీద తడతా. మళ్లీ మొదలవుతుంది."

మిషన్‌లో దారం తెగితే మళ్లీ ఎక్కిస్తానన్నంత మామూలుగా చెప్పాడు. డాక్టరమ్మ రాస్తున్న చెయ్యి ఆగింది. నాకు ఒక్కసారిగా మా ఇంటి పగళ్లు కళ్ల ముందుకొచ్చాయి. అమ్మ మంచం, మంచం కాళ్ల వైపు నాన్న కుట్టు మిషను, మిషను పక్కన గుడ్డ కొలిచే పొడుగాటి చెక్క స్కేలు. ఆ మిషను వెలుతురుండే కిటికీ దగ్గర కాకుండా ఆ మూల ఎందుకుందని నేనెప్పుడూ అడగలేదు.

"ఎన్నాళ్లనుంచి ఇలా?" అంది డాక్టరమ్మ.

"అమ్మాయి బళ్లో చేరినప్పట్నుంచి అనుకుంటానండీ. ఆగిన ప్రతిసారీ తడతా. చేత్తో కుడుతూనే ఉంటా, చెవి మాత్రం అక్కడే ఉంటుంది."

"పరీక్ష రోజు కూడా తట్టారా?"

"తట్టానండీ. రోజూ ఎలా పడుకుంటే అలాగే పడుకోవాలన్నారుగా."

అమ్మ కుర్చీలో మెల్లగా ఆయన వైపు తిరిగింది. కుర్చీ కిర్రుమంది.

"ఇన్నేళ్లూ నన్ను స్కేలుతో కొడుతున్నావా?"

"కొట్టడం కాదే. తట్టడం."

"అరికాళ్లు ఎలుక కొరుకుతోందనుకుని మంచం కింద బోను కూడా పెట్టా కదయ్యా."

"పెట్టావు. అందులో రొట్టె ముక్క పెట్టింది నేనే."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోవడానికి తల వంచుకుంది. తల ఎత్తేసరికి మొహంలో నవ్వు లేదు. "ఈ రిపోర్టు ఆవిడ నిద్రది కాదండీ. మీ కాపలాది. మళ్లీ చెయ్యాలి. ఈసారి ఎవరూ తట్టకూడదు. అది వచ్చేదాకా నేను మత్తివ్వను" అని చెప్పి, సర్జన్ మాతో చెప్పిన మాటలే నాన్నకూ చెప్పింది. నాన్న అన్నీ విన్నాడు. సంతకం చెయ్యడానికి జేబులోంచి తీసిన పెన్ను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

తేదీ పోయింది. మళ్లీ ఎప్పుడిస్తారో చెప్పలేమన్నారు. అమ్మ ఇంటికొచ్చేదాకా ఉగ్గబట్టుకుని, వచ్చాక విరుచుకుపడింది.

"రిపోర్టు బాగుందన్నారు. తేదీ ఇచ్చారు. నిన్నెవరయ్యా అడిగింది?"

"ఆవిడే అడిగింది."

"అడిగితే మాత్రం? గురక లేదు గిరక లేదు అంటే పోయేదేముంది? ఊరందరికీ చెప్పుకున్నా. ఇప్పుడు బట్టీకెళ్లి ఏమని చెప్పను, మా ఆయన స్కేలు వల్ల ఆగిందని చెప్పనా? ఇంకో డాక్టర్ దగ్గరికి పోదాం. ఆ రిపోర్టు చూపిద్దాం. నువ్వు వచ్చి సంతకం పెట్టు, నోరు మాత్రం విప్పకు."

"పెట్టను" అన్నాడు నాన్న.

మా నాన్న అమ్మ మాటకు కాదనడం నేను అదివరకు వినలేదు. అమ్మ కూడా వినలేదనుకుంటా, ఒక్క క్షణం ఆయన వైపు వింతగా చూసింది.

"ఏంటీ?"

"సంతకం పెట్టను. ఆపరేషన్ గదిలోకి నన్ను రానివ్వరు. అక్కడ నీ ఊపిరి ఆగితే తట్టేదెవరు?" అని, మళ్లీ తనే, "నువ్వు లావుగా ఉన్నా నాకిష్టమే, సన్నబడ్డా ఇష్టమే. లేకపోతేనే నేను ఉండలేను" అన్నాడు.

ఆ మాట నా ఎదురుగా అన్నందుకు సిగ్గుపడి లేచి వంటింట్లోకి వెళ్లి, అక్కర్లేకపోయినా మంచినీళ్లు తాగాడు. అమ్మ వారంపాటు ఆయనతో మాట్లాడలేదు. ఆ వారం ఇంట్లో కబుర్లన్నీ నా ద్వారానే నడిచాయి, ఒకే గదిలో ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నా సరే. వారం అయ్యాక, "ఆ పెట్టె తీసుకురమ్మని మీ నాన్నకు చెప్పు" అంది అమ్మ.

రెండోసారి పరీక్షకు నేను కొట్లో సెలవు పెట్టాను. ఆ రోజు నాన్న బయటికి పోతే మంచిదని అమ్మ ఉద్దేశం. పోనన్నాడాయన. "నేను ఉంటా. ముట్టుకోను" అన్నాడు. అమ్మ అనుమానంగా చూసి, "స్కేలు ఎక్కడుంది?" అంది. నాన్న స్కేలు తెచ్చి నా చేతికిచ్చాడు. అప్పుడుగానీ అమ్మ పెట్టె కట్టుకోలేదు. రాత్రంతా బట్టీ ముందు నిలబడ్డ మనిషి, ఇట్టే నిద్రలోకి జారిపోయింది.

బయట వాన జోరందుకుంది. మా ఇంటి పైకప్పు రేకులది, వాన పడితే పక్కనున్నవాళ్ల మాటే వినపడదు. నాన్న ఇక దూరంగా ఉండలేక స్టూలు లాక్కుని మంచం పక్కకే వచ్చి కూర్చున్నాడు. వానకు తోడు మిషను కూడా తొక్కితే అమ్మ ఊపిరి అసలు వినపడదని, చేతికుట్టు ఉన్న ప్యాంటు ఒకటి తీసుకుని అంచు మడిచి కుడుతున్నాడు. ఆయన చూపు ప్యాంటు మీద కంటే అమ్మ ఛాతీ మీదే ఎక్కువుంది.

గురక సాగింది. సాగి సాగి, ఉన్నట్టుండి ఆగింది.

సూది గుడ్డలో సగం దిగి ఉండిపోయింది. అమ్మ పొట్ట మాత్రం లోపల్నుంచి ఎవరో లాగుతున్నట్టు కదులుతోంది, గాలి పోవడం లేదు. నా చేతిలో స్కేలు ఉంది. అమ్మ పాదం జానెడు దూరంలో ఉంది. నేను లోపల్లోపల ఒకటి, రెండు అనుకోవడం మొదలుపెట్టాను. పెదాలు కదులుతున్నాయేమో, నాన్న చూశాడు.

"లెక్కపెట్టకమ్మా. భయం పెరుగుతుంది" అన్నాడు.

ఆయన కుడి చెయ్యి దానంతట అదే పాదం వైపు వెళ్లింది. మధ్యలోనే వెనక్కి తీసుకుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటిమీదే కూర్చున్నాడు. మొహమంతా చెమటపట్టింది. నేను ఇంకొక్క క్షణం ఉంటే తట్టేసేదాన్నే. అప్పుడు అమ్మ ఒళ్లంతా ఒక్కసారి కుదిపి, పెద్ద శబ్దంతో ఊపిరి లాగి, పక్కకు ఒత్తిగిలింది. గురక మళ్లీ మొదలైంది.

"వచ్చింది" అన్నాడు నాన్న.

అలా ఎన్నిసార్లు ఆగిందో, ఎన్నిసార్లు వచ్చిందో. వచ్చినప్పుడు నాన్న నాలుగు కుట్లు వేసేవాడు, ఆగగానే చేతులు మళ్లీ తొడల కిందికి పోయేవి. ప్రతిసారీ అదే భయం, ఎంతకీ అలవాటు కాలేదు. మధ్యాహ్నానికి వాన తగ్గింది. నాన్న చేతులు బయటికి తీసుకుని, వాటిమీద పడ్డ స్టూలు చెక్క అచ్చులు రుద్దుకుంటూ, గొంతు తగ్గించి నాతో అన్నాడు.

"ఇన్నేళ్లలో నేనెప్పుడూ చివరిదాకా వినలేదమ్మా. ఆగగానే తట్టేసేవాణ్ణి. నేను తట్టకపోతే రాదేమో అనుకున్నా. తనంతట తనే తీసుకుంటుందని ఇవాళే తెలిసింది." మంచం వైపు చూసి, "గట్టి మనిషి" అన్నాడు.

ఆ గొంతులో గర్వం ఉంది. ఊపిరందక కొట్టుకులాడే భార్యను చూసి గర్వపడే మొగుణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు. అంతసేపూ చేతులు కట్టేసుకుని కూర్చున్న ఆయన్ని చూసి నాకూ అంతే గర్వం వేసింది, కానీ చెప్పడం చేతకాక టీ పెట్టి ఇచ్చాను. ఆయన ప్యాంటు అంచు చూసుకుని నాలుక కరుచుకున్నాడు. కుట్లు ఒకచోట కుదురుగా, ఒకచోట ఎడాపెడా ఉన్నాయి. మొత్తం విప్పి మళ్లీ కుట్టాడు.

ఈసారి రిపోర్టు చూసి డాక్టరమ్మ మాకు అర్థమయ్యేలా చెప్పింది. తీవ్రంగా ఉంది, గంటలో చాలాసార్లు ఆగుతోంది. ముక్కుకు మాస్కు పెట్టి గాలి తోసే మిషను ఇస్తారు, అది పెట్టుకుని పడుకుంటే గొంతు మూసుకుపోదు. కొన్ని వారాలు వాడాక ఆపరేషన్. ఆపరేషన్ అయ్యాక కూడా అదే మిషనుతో పడుకోబెడతారు.

"తెలియకుండా మొదటి తేదీకే చేసుంటే?" అని అడిగాను నేను.

"తెలిసింది కదా" అందావిడ, నాన్న వైపు చూస్తూ. అమ్మ కూడా ఆయన వైపే చూసింది. బయటికొచ్చాక మెట్లు దిగుతూ ఆయన భుజం పట్టుకుంది. మామూలుగా అయితే మెట్ల పక్క కమ్మీ పట్టుకుంటుంది.

మొదటి రోజు ఆ మాస్కు పెట్టుకుని అద్దంలో చూసుకుని, "మంటలార్పేవాళ్లలా ఉన్నాను" అని తిట్టుకుంది. రెండు రోజులు సగం నిద్రలో పీకి పారేసింది. పట్టీ బుగ్గ మీద ఎర్రగా ఒరుసుకుపోతోందని నాన్న చూసి, చంటిపిల్లల చొక్కాలకు వాడే మెత్తటి గుడ్డతో లోపల అస్తరు వేసి కుట్టాడు. దాంతో కుదిరింది. మూడో రోజు అమ్మ సాయంత్రం దాకా కదలకుండా పడుకుంది. లేచి మంచమ్మీద కూర్చుని, కణతలు తడిమి చూసుకుని, "తలనొప్పి లేదు" అంది. ఇన్నేళ్లుగా లేవగానే తలనొప్పి ఉంటుందని కూడా మాకు అప్పుడే తెలిసింది. నిద్ర లేచిన వాళ్లందరికీ తల నొస్తుందనే అనుకునేదట.

ఆ తర్వాత ఆమెను పట్టలేకపోయాం. అంతకుముందు పిండి పొంగేలోపు బస్తాకు ఆనుకుని కునుకు తీసే మనిషి, ఇప్పుడు కునికేవాళ్లను లేపుతూ తిరుగుతోందని బట్టీలో అందరూ చెప్పారు. ఒకడు నవ్వుతూ, "దొరసానీ, మొహానికి తొండం పెట్టుకుని పడుకుంటున్నావంట" అన్నాడు. అమ్మ పళ్లెం కింద పెట్టి, "అవును, పెట్టుకుంటున్నా. నిద్రలో నా ఊపిరి ఆగుతుంది, అందుకని. మీ ఇంట్లో నీ గురక ఆగుతుందో లేదో మీ ఆవిణ్ణి అడిగి రేపు నాకొచ్చి చెప్పు" అంది. వాడు చెప్పలేదుగానీ బస్తాలు మోసే అతను వచ్చి తన గురక ఆగుతోందని చెప్పాడు. అమ్మ అతన్ని వెంటబెట్టుకుని పోయి అదే పెట్టె కట్టించింది.

వానలు వెనకబట్టే వేళకు ఆపరేషన్ తేదీ మళ్లీ వచ్చింది. ఆ పొద్దున అమ్మ తన మిషను సంచి తనే పట్టుకుని ఆసుపత్రి లోపలికి నడిచింది. ఎవర్నీ మొయ్యనివ్వలేదు. డాక్టరమ్మకు మాస్కు పట్టీలు ఎంత బిగించాలో, ఏ వైపు ముందు పెట్టాలో తనే చూపించింది. నాన్న ఈసారి సంతకం పెట్టాడు. పెట్టి, లోపలికి తీసుకెళ్తుంటే మంచం వెంట తలుపుదాకా నడిచాడు. తలుపు మూసుకున్నాక ఎక్కడివాడు అక్కడే నిలబడిపోయాడు. కూర్చోమని నేనంటే, "ఇక్కడ్నుంచి ఏమీ వినపడదు కదా" అన్నాడు. అయినా తలుపు దగ్గర్నుంచి కదల్లేదు.

చాలాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చింది. అంతా బాగా జరిగిందని, మిషనుతో ఊపిరి చక్కగా తీసుకుంటోందని చెప్పింది. "ఇప్పుడు మీరు పోయి కాస్త పడుకోండి, మేం చూసుకుంటాం" అంది నాన్నతో. నాన్న సరేనని తలూపి, ఆమె అటు వెళ్లగానే వార్డులోకి వచ్చి అమ్మ మంచం పక్క కుర్చీలో కూర్చున్నాడు. మిషను సన్నగా బుసకొడుతోంది. అమ్మ ఛాతీ ఆగకుండా లేచి దిగుతోంది. నాన్న కాసేపు చూశాడు. ఇంకాసేపు చూశాడు. తర్వాత ఆయన తల మెల్లగా అమ్మ దుప్పటి అంచు మీదికి వాలిపోయింది.

మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి మంచం మీదికి వచ్చేసరికి అమ్మ కళ్లు తెరిచింది. నన్ను చూసింది. పక్కన నోరు తెరుచుకుని గురకపెడుతున్న నాన్నను చూసింది. రాత్రులు తను బట్టీలో ఉంటే ఆయన నిద్రపోయేవాడు, పగళ్లు తను నిద్రపోతే ఆయన మెలకువగా ఉండేవాడు. ఆయన నిద్రపోవడం ఆమె సరిగ్గా చూసి ఎన్నేళ్లయిందో. అలా చూస్తూనే ఉంది.

మందులిచ్చే నర్సు వచ్చి, మా నాన్న గురక విని, కుర్చీకీ మంచానికీ మధ్య తికమకపడి నవ్వింది. "ఇక్కడ పేషెంటు ఎవరమ్మా? ఆయన్ని లేపి బయటికి పంపనా?"

అమ్మ చెయ్యెత్తి ఆమెను ఆపింది. మాస్కు తనే పక్కకు తీసుకుంది. గొంతు బొంగురుపోయింది, అయినా మాట బట్టీలో పలికినట్టే పలికింది.

"లేపకండమ్మా. ఇవాళే డ్యూటీ దిగాడు."

అని, మాస్కు మళ్లీ తన చేత్తోనే సర్దుకుని, కళ్లు మూసుకుంది.